గోడ బయట గోరీలు

గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్లే రైల్లో జనం గిద్దలూరు దాటాక కిటికీల దగ్గరికి చేరతారు. అక్కడి నుంచి నల్లమల అడవి, లోయలు, సొరంగం. గిద్దలూరు రాకముందు మాత్రం ఎవరూ బయటికి చూడరు. శనగచేలు, కంపచెట్లు, దూరంగా నీలంగా కొండలు, అంతే. ఆ కంపచెట్ల మధ్య, పట్టాలకు కాస్త ఎడంగా, చుట్టూ రాతి కూసాలు పాతిన చిన్న ఆవరణ ఒకటుంది. రైలు నుంచి చూస్తే ఎవరిదో తోట అనుకుంటారు. ఈ మాఘమాసంలో మా కోటమ్మత్తతో కలిసి వెళ్లి దాన్ని చూసి వచ్చాను.

కోటమ్మత్త మా నాన్నకు అక్క. ఎనభైకి దగ్గర పడింది. మా తాత మీటర్ గేజి రోజుల్లో ఆ దారిలో గ్యాంగుమనిషిగా పనిచేశాడు. పట్టాల పక్కనే గుడిసెలో కాపురం. అత్త తర్వాత పుట్టిన తమ్ముడు అక్కడే జ్వరంతో పోయాడు. అప్పటికి వాడికి ఐదేళ్లు. ఆ తర్వాత తాతకు బదిలీ అయింది, మా నాన్న నరసరావుపేటలో పుట్టాడు. "మీ నాన్నకంటే ముందు ఒకడు పోయాడు" అన్న ఒక్క ముక్క తప్ప ఆ పిల్లాడి గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

ఒకరోజు మా స్కూల్లో తోటి టీచరు ఫోనులో ఒక ఫొటో చూపించింది. గిద్దలూరు దగ్గర రైలుదారి వేసిన కాలంనాటి గోరీలను అక్కడి ఊరివాళ్లు శుభ్రం చేసి స్మారకంగా కడుతున్నారట. వింతగా ఉందని ఆ సాయంత్రం అత్తకు చూపించాను. అత్త ఫోను చాలాసేపు వదల్లేదు.

"ఈ ఇనప గేటు పక్కనే మా గుడిసె" అంది చివరికి. "లోపల ఉన్నవాళ్లు దొరలు. మా తమ్ముడు గోడ బయట ఉన్నాడు."

అప్పటి నుంచి ఒకటే మాట, తీసుకెళ్లమని. మోకాళ్లు పనిచెయ్యవు కదా అని వాళ్ల అమ్మాయి ఎంత చెప్పినా వినలేదు. "నేను పోతే వాడున్నాడని తెలిసినవాళ్లు ఇంకెవరే?" అంది.

మార్కాపురం

నేరుగా గిద్దలూరులో దిగొచ్చు. కానీ అత్త ముందు చెన్నకేశవస్వామిని చూడాలంది. చిన్నప్పుడు తిరునాళ్లకు తాత ఇద్దరినీ ఇక్కడికి తీసుకొచ్చాడట. తమ్ముడు తాత భుజాల మీద కూర్చుని, జుట్టు పట్టుకుని, "ఇంకా ఎత్తు, ఇంకా ఎత్తు" అని పోరు పెట్టాడట. రథం కనిపించిందా అని అడిగాను. "వాడికి కనిపించింది. నాకు లేదు. నన్నెవరు ఎత్తుకుంటారు?" అని నవ్వింది. అంత వయసు మనిషి ముఖంలో చిన్నపిల్ల అలక కనిపించింది.

స్టేషను నుంచి ఊరు దూరం. ఆటోలో వస్తుంటే దారి పొడవునా పలకరాయి ముక్కలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఎండ పడినచోట చేపపొలుసుల్లా మెరుస్తున్నాయి. మా తరం అక్షరాలన్నీ ఈ ఊరి రాతి మీద దిద్దినవే కాబట్టి ఒక షెడ్డు ముందు ఆటో ఆపించాను. లోపల ఒకామె బండలను అంచులు చూసి వేరు చేస్తోంది. జుట్టు, కనుబొమలు దుమ్ముతో బూడిదరంగుకు తిరిగాయి.

"పలకలు ఇంకా చేస్తున్నారా అమ్మా?"

"పలకలెక్కడియక్కా ఇప్పుడు! అంతా గోడలకు అతికించుకునే బండలే. యాడెక్కడి దేశాలకో పోతాయంట. మా అమ్మ మాత్రం పలకలే చేసింది" అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది. అత్తను చూసి లేచి, గోనెపట్ట దులిపి పరిచింది. "కూచో అవ్వా, నిలబడినావు."

అత్త కూర్చుని ఒక పలచటి రాతిముక్కను తడిమింది. తనకూ తమ్ముడికీ కలిపి ఒకే పలక ఉండేదట. తను 'అ ఆ'లు రాసుకుంటే వాడు ఉమ్మి పెట్టి తుడిచేసి రైలుబండి గీసేవాడట. "వాడు గీసిన రైలుకు డ్రైవరు ఉండడు. అన్నీ పెట్టెలే, పలక నిండేదాకా."

సాయంత్రం స్వామి దర్శనం చేసుకుని, ఆ రాత్రికి ఊళ్లోనే దిగి, పొద్దున టిఫిను హోటల్లో ఉగ్గాని తిన్నాం. మా వైపు మరమరాలను సాయంత్రం పిడతకింద పప్పులో కలుపుకుంటాం. ఇక్కడ వాటిని బొరుగులంటారు, నీళ్లలో నానబెట్టి పిండి, తాలింపు వేసి పొద్దున్నే తింటారు. పక్కన మిరపకాయ బజ్జీ. బజ్జీ కొరికి నేను నీళ్ల కోసం వెతుక్కుంటుంటే వడ్డించే అతను "కారం ఎక్కువైనాదా? గుంటూరోళ్లంటిరి!" అని నవ్వాడు. మా జిల్లా పరువు ఆ బల్ల మీదే పోయింది.

కంభం

కంభం బస్సులో మా పక్కన వెలిగండ్ల నుంచి వస్తున్న ఒకామె కూర్చుంది. బాలింత కూతురిని చూడ్డానికి వెళ్తోంది. ఒళ్లో నెయ్యి గిన్నె, కాళ్ల దగ్గర కోడి. మాటల మనిషి.

"ఎవరింటికి పోతాండారు పెద్దమ్మా?" అని అడిగింది.

"గిద్దలూరు. మా తమ్ముడి దగ్గరికి" అంది అత్త.

"అట్లనా! ఏం చేస్తాడు మీ తమ్ముడు?"

"ఏం చేస్తాడమ్మా, చిన్నపిల్లాడు."

ఆమె అత్త నెరిసిన జుట్టు వంక చూసి, నా వంక చూసింది. నేను మెల్లగా విషయం చెప్పాను. కంభంలో దిగేముందు ఆమె అత్త చెయ్యి పట్టుకుని, "నాకూ ఒక కొడుకు పోయినాడమ్మా, నడిపోడు" అని, కోడిని చంకన పెట్టుకుని గబగబా దిగిపోయింది.

కంభం చెరువును చెరువు అనడానికి నోరు రాదు. కొండల మధ్య సముద్రంలా ఉంది. కట్ట మీద గాలి చీరను నిలవనివ్వలేదు. నాలుగడుగులు వేశామో లేదో అత్త చెప్పు తెగింది. దగ్గరలో కుట్టేవాళ్లు లేరు. రెండో చెప్పు కూడా విడిచి, చేత్తో పట్టుకుని వట్టికాళ్లతో నడిచింది. "మా నాయన జీతం రాగానే ఇక్కడి చేపలు తెచ్చేవాడు. ముళ్లు తీసి వాడికి నేనే పెట్టేదాన్ని" అంది. కట్ట మీద ఒకతను చేపలు అమ్ముతున్నాడు. అత్త బేరం చేసింది, రకాలడిగింది, చివరికి ఏమీ కొనకుండా వచ్చేసింది. లాడ్జిలో వండుకోలేం కదా అని నేనన్నాను. "తెలుసులే" అంది.

గిద్దలూరు

ఫొటో చూపించిన టీచరు ఇచ్చిన గుర్తులతో, కొత్త చెప్పులు కొన్నాక, రంగయ్యశెట్టి దుకాణానికి వెళ్లాం. ఇనప సామాన్ల దుకాణం. గోరీల పని ముందుండి చేయిస్తున్నది ఈయనే. అరవై దాటిన మనిషి, మెడలో కండువా, చెవి మీద పెన్సిలు. ఆ దారిలో పనిచేసిన గ్యాంగుమనిషి ఇంటివాళ్లమని చెప్పగానే దుకాణం కొడుక్కి అప్పగించి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. భోజనం చెయ్యకుండా కదలనివ్వమన్నారు ఆయనా, ఆయన భార్యా. జొన్నరొట్టె, పుండుకూర పప్పు, చెనక్కాయల పచ్చడి. మేం గోంగూర అంటే వాళ్లు పుండుకూర అన్నారు. ఆకు ఒకటే, పులుపు ఒకటే.

ఒక వైశ్యుల ఇంటికి తెల్లవాళ్ల గోరీల మీద ఇంత శ్రద్ధ ఎలా కలిగిందని అడిగాను. శెట్టిగారు మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లాడు. బోరు పక్కన కొత్త సిమెంటు గచ్చు ఉంది.

"ఈడ ఒక నల్లబండ ఉండెనమ్మా. మా తాత కాలంలో ఎవరో బండిలో తోలినారంట. మా అమ్మ దాని మీదనే గుడ్డలుతికింది, మా ఇంటామె ఉతికింది. మా పిల్లలకు దాని మీదనే నీళ్లు పోసినాం. మొన్నామధ్య కాలవ పని చేపిస్తూ బండ తిరగేసినాం. అడుగున అక్షరాలు. ఇంగ్లీషు."

చర్చి ఫాదరును పిలిపించి చదివించారట. అది ఒక ఆడపిల్ల సమాధి రాయి. రైలుదారి వేసేటప్పుడు వచ్చిన ఇంజినీరు కూతురు. కొన్ని నెలలే బతికింది.

"ఆ పొద్దు మా ఇంటామె అన్నం తినలేదు" అన్నాడు శెట్టిగారు.

ఆమె వాకిట్లో నిలబడి వింటోంది. "పసిబిడ్డ రాయి అది. దాని మీద నా పిల్లలకు నీళ్లు పోస్తినే అని నా ప్రాణం ఒకటే కొట్టుకున్నాది. వెనక్కి ఇచ్చిరాందే ఆ బోరు నీళ్లు ముట్టనన్యా" అంది.

రాయి తీసుకుని వెళ్తే అక్కడ కంప తప్ప ఏమీ కనిపించలేదట. నరికించుకుంటూ పోగా గోడ, గేటు, లోపల గోరీలు బయటపడ్డాయి. కొన్ని నిధుల కోసం తవ్వి పగలగొట్టి ఉన్నాయి. ఊళ్లో చాటింపు వేయిస్తే ఇంకొన్ని రాళ్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒకటి పశువుల కొట్టం నుంచి, ఒకటి టీకొట్టు మెట్టు కింద నుంచి. గోడ బయట కంప కొడితే మట్టికుప్పలు, వాటి మీద పేర్చిన గుండ్రాళ్లు. అవి కూలీలవి. ఆ రోజుల్లో నల్లమల జ్వరానికి దొర అనీ కూలీ అనీ తేడా లేదట. గోడకు మాత్రం ఉంది.

"అందుకే గేటు ఉంచి గోడ తీసేసినాం. లోపలోళ్లనూ బయటోళ్లనూ కలిపి చుట్టూ కూసాలు పాతించినా" అన్నాడు.

"పిల్లల్ని కూడా కలిపారా నాయనా?" అని అడిగింది అత్త.

"ఏ పిల్లలు పెద్దమ్మా?"

"పొద్దున చూపిస్తాను" అంది అత్త. ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

గోరీల దగ్గర

పొద్దున్నే శెట్టిగారి జీపులో వెళ్లాం. మంచు ఇంకా చేల మీద ఉంది. శనగ ఆకుల పులుపు వాసన. ఆవరణ చిన్నదే. నడుమ దొరల గోరీలు, తిరిగొచ్చిన రాళ్లు ఎక్కడివక్కడ నిలబెట్టి ఉన్నాయి. శెట్టిగారి ఇంటి రాయి మీద అక్షరాలు నున్నగా అరిగి ఉన్నాయి. నీడపట్టున చెంచు ముసలామె ఒకతె మొక్కలకు నీళ్లు పోస్తోంది. పేరు ఈదమ్మ. అడవిలో చీపురుపుల్లలు, ఉసిరికాయలు ఏరి గిద్దలూరులో అమ్ముతుంది. కంప కొట్టిన రోజు నుంచి ఇక్కడి పని కూడా చూస్తోంది.

అత్త దొరల గోరీల దగ్గర ఆగలేదు. గేటు దగ్గరికి వెళ్లి, దానికి వీపు పెట్టి నిలబడి, కొండ వైపు చూసింది. "గుడిసె గడప ఇక్కడ. మా అమ్మ గడపలో కూర్చుని అటు చూసేది. పొయ్యి మీద ఎసరు మరిగిపోయినా లేచేది కాదు" అంటూ నడవడం మొదలుపెట్టింది. కొత్త కూసాలు దాటింది. కాస్త మెరకగా ఉన్న ఖాళీనేలలోకి వెళ్లి ఆగింది.

అక్కడ సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. పక్కన ఇసుక, ఇటుకలు. దస్తగిరి అనే మేస్త్రీ ఇద్దరు కూలీలతో గడ్డపారలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చూడ్డానికి వచ్చేవాళ్లకు షెడ్డు కడుతున్నారు. ఆ రోజే పునాది.

"ఇక్కడే" అంది అత్త. "పిల్లల్ని ఇక్కడ పెట్టేవాళ్లు."

శెట్టిగారు నేలంతా చూశాడు. చదునుగా ఉంది. ఒక్క గుండ్రాయి లేదు. "పెద్దమ్మా, నువ్వు అప్పుడు చిన్నపిల్లవు. ఇన్నేండ్లాయె. ఈడ గుర్తు ఒకటన్నా లేదే. ఎట్ల నమ్మేది?"

"గుర్తు పెట్టలేదు నాయనా. పసిపిల్లలకు రాళ్లెక్కడ పెడతాం? కుక్కలు తవ్వకుండా కంప వేసేవాళ్లు."

"షెడ్డు సామానంతా వచ్చేసినాది. జాగా ఇంగోటి లేదు, అటుపక్క వాన నీళ్లు నిలుస్తాయి" అని ఆయన నొసలు రుద్దుకున్నాడు. మేస్త్రీ ఉండబట్టలేక, "ఒక అడుగు తోడి చూస్తే తెల్సిపోతాదిలే శెట్టీ. ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు" అన్నాడు.

"తోడతారా?" అంది అత్త. "జొరంతో ఒళ్లు కాలిపోతుంటే చలి చలి అన్నాడు నాయనా. మా అమ్మ తన చీర చుట్టి పడుకోబెట్టింది. ఆ చీర తీస్తారా?"

నీళ్ల బిందె కింద పెట్టి ఈదమ్మ మా దగ్గరికి వచ్చింది. సున్నపు గీత లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

"మా గూడెం అప్పుడు ఆ వాగు పక్కన ఉండె. నా తొలిచూలు బిడ్డను ఈడనే పెట్టినాం. ఆడబిడ్డ" అంది.

"మరి ఇన్ని దినాలూ చెప్పలేదేంది ఈదమ్మా?" అన్నాడు శెట్టిగారు, నొచ్చుకున్నట్టు.

"నన్నెవరడిగినారు సామీ? గోరీలంటిరి. మా బిడ్డలకు గోరీలు లేవాయె. షెడ్డు ఏస్తే ఎండ తగలకుండా ఉంటాదిలే అనుకున్యా."

శెట్టిగారు చెప్పులు విడిచి, సున్నపు గీత దగ్గరికి వెళ్లి, దాన్ని కాలితో చెరపడం మొదలుపెట్టాడు. ఒక గీత చెరిపి రెండోదాని దగ్గరికి వెళ్తుంటే దస్తగిరి మేస్త్రీ గడ్డపార పక్కన పడేసి, వంగి చేతులతో చెరిపాడు. "షెడ్డు లేకుంటే మాయె. వచ్చినోళ్లు చెట్టు కింద కూచుంటారు. ఈ తట్టు కూసాలు పీకి అవతలికి జరుపుదాం" అన్నాడు శెట్టిగారు.

అత్త నేల మీద కూర్చుంది. ఏది తమ్ముడి చోటో తెలియదు. తెలుసుకునే దారీ లేదు. అరచేతులు రెండూ మట్టి మీద ఆనించి, జ్వరం చూస్తున్నట్టు అలాగే ఉంచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఒరే, నేనొచ్చాను" అంది మామూలుగా, ఇంట్లో పక్కగదిలోకి చెప్పినట్టు.

పిల్లల వైపు ఒక బండ నిలబెడదామని శెట్టిగారు అన్నప్పుడు మేస్త్రీ అడిగాడు. "పేరేమని చెక్కేది అవ్వా?"

"మా అమ్మ వాడి పేరు పలకనిచ్చేది కాదు" అంది అత్త. "రఘురాముడు."

నా జీవితంలో మొదటిసారి విన్నాను ఆ పేరు.

"ఎంత మురిపెంగా పెట్టుకుందో! అంత మంచి పేరు పెట్టబట్టే దిష్టి తగిలిందనుకుంది. అందుకే మీ నాన్న పుట్టగానే ఎంగిలి విస్తళ్ల మీద వేసి, తీసుకుని, పుల్లయ్య అని పిలిచింది. ఈ పేరైతే దేవుడి కంట్లో పడదని."

నాన్నకు తన పేరంటే ఎంత చిన్నతనమో నాకు తెలుసు. ఆఫీసులో పొడి అక్షరాలతోనే సరిపెట్టేవాడు. నా పెళ్లి శుభలేఖలో కూడా వద్దంటే మేమే బలవంతంగా వేయించాం. ఆ పేరు వెనక ఒక తల్లి ఎంత భయపడిందో తెలియకుండానే పోయాడు. ఆ క్షణంలో ఆయనకు ఫోను చేసి చెప్పాలనిపించింది. చెయ్యి సంచీ దాకా వెళ్లి ఆగింది.

మేస్త్రీ ఈదమ్మ వైపు తిరిగాడు. "నీ బిడ్డ పేరు?"

"పేరు పెట్టకముందే పాయె."

"పేరు లేకుండా చెక్కేదెట్ల?"

ఈదమ్మ పరవాలేదన్నట్టు చెయ్యి ఊపి బిందె అందుకోబోయింది. అత్త కింద కూర్చునే ఆమె కొంగు పట్టుకుంది. "ఈదమ్మ కూతురు అని చెక్కు" అంది మేస్త్రీతో. "మా వాడి పేరు పక్కనే."

ఈదమ్మ వచ్చి అత్త పక్కన కూర్చుంది. ఎండ ఎక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినకూడదనిపించి దొరల గోరీల వైపు వెళ్లిపోయాను.

తిరుగు రైలు

మధ్యాహ్నం గిద్దలూరు స్టేషనుకు శెట్టిగారి భార్య కూడా వచ్చింది. దారిలో తినమని రొట్టెలు, అత్తకు జాకెట్టుముక్క ఇచ్చింది. "బండ నిలబెట్టినాక చెప్తాం, మళ్ల రావాల" అంది. అత్త సరేనంది. మళ్లీ రాగలిగే ఓపిక ఆమె ఒంట్లో లేదని అందరికీ తెలుసు.

రైలు ఆలస్యంగా వచ్చింది. కదిలిన కొద్దిసేపటికే కూసాల పక్కగా పోతుంది కాబట్టి కిటికీ సీటు అత్తకే ఇచ్చాను. కొంగు సర్దుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. రైలు కదిలింది. గాలి తగిలిందో, రెండు రాత్రుల అలసటో, ఊరు దాటేలోగా తల నా భుజం మీదికి వాలింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది.

లేపాలా వద్దా అని తటపటాయిస్తుండగానే కంపచెట్లు వచ్చేశాయి. అప్పటికే ఒకపక్క కూసాలు పీకేసి ఉన్నాయి. ఖాళీనేల మీద మేస్త్రీ మనుషులు తాడు పట్టి కొత్త కొలతలు వేస్తున్నారు. ఈదమ్మ వాళ్లకు అడ్డం రాకుండా ఒక చివర నిలబడి, బిందెతో మట్టి మీద నీళ్లు చల్లుతోంది. మొక్కలేమీ లేవక్కడ.

అత్తను లేపలేదు. ఆమె చెప్పాల్సింది పొద్దున చెప్పుకుంది. నేనే ఒక్కమాటా చెప్పలేదు. ఎప్పుడూ చూడని మనిషితో ఏం మాట్లాడతాం, పైగా ఐదేళ్లవాడితో? వరస ఏమవుతుందో కూడా అంతవరకూ ఆలోచించలేదు. కూసాలు కనుమరుగయ్యేలోపు కిటికీ చువ్వలకు నోరు దగ్గరగా పెట్టి, ఎదుటి సీటువాళ్లకు వినపడకుండా అన్నాను:

"వెళ్లొస్తాం, పెదనాన్నా."